గొడుగుల దుకాణం గోడ

రెజిమెంటల్ బజార్‌లో ఒకప్పుడు ఎవరినైనా ఆపి, "బోర్డులు రాసే సన్యాసిరాజు ఎక్కడండీ?" అని అడిగితే నవ్వేవాళ్ళు. అడగడమెందుకు, తలెత్తితే చాలదూ? బట్టల కొట్టు మీద ఆయన రాతే, మందుల షాపు మీద ఆయన రాతే, ఆఖరికి సందు మొగలో "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అన్నదీ ఆయన రాతే. ఎర్ర రంగులో, పసుప్పచ్చ నీడ వేసి, శుభలేఖ మీద పేరంత శ్రద్ధగా రాశాడు దాన్ని. జనం ఆ అందానికి ముచ్చటపడుతూనే అక్కడ నిలబడి పని కానిచ్చేవారు, అది వేరే సంగతి.

మనిషిది విజయనగరం అవతల, చీపురుపల్లి దగ్గర పల్లె. మీసాలు సరిగా రాని వయసులో రైలెక్కి సికింద్రాబాదులో దిగాడు. ఇక్కడ అక్క ఉంది, బావ ఉన్నాడు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. అప్ప పేరు అప్పలలక్ష్మి. బావ సూరి అప్పటికే బజార్లో పేరున్న పెయింటరు. వచ్చిన మర్నాడే బావమరిది చేతిలో ఉడత వెంట్రుకల బ్రష్షు పెట్టి, పాత రేకు మీద గీతలు గీయించడం మొదలుపెట్టాడు.

సూరి చెప్పిన పాఠాలన్నిటిలో ఒకటి మాత్రం సన్యాసిరాజు బుర్రలో మేకు దిగినట్టు దిగిపోయింది. "తప్పొస్తే దాని మీద ఇంకో రంగేసి కప్పు. అంతేగానీ గీకకు, రుద్దకు. రాసిన చేత్తో చెరిపితే సరస్వతికి కోపమొస్తాది." బోర్డులు రాసేవాళ్ళకి అక్షరమంటే అంత భయమూ భక్తీ. దసరాకి బ్రష్షులన్నీ కడిగి, బొట్లు పెట్టి, అమ్మవారి ముందు పెట్టేవాళ్ళు. ఆ రోజు రంగు డబ్బా మూత తీస్తే ఒట్టు.

సూరి చెయ్యి వేరు. అక్షరాలు కాస్త ముందుకు వంగి, ఎదురుగాలికి నడిచే మనిషిలా ఉండేవి. బొమ్మ వేస్తే ఎక్కడో ఓ చోట హద్దు గీత దాటి తీరేది. అడిగితే, "గీత నా ఎంట రావాల గానీ నాను గీత ఎంట ఎల్తానేటి?" అని నవ్వేవాడు. బోర్డు కింద కుడి మూల తన పేరు చిన్నగా రాసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో చదువురాని పెళ్ళానికి ఆ రెండు అక్షరాలూ నేర్పాడు. అప్పలలక్ష్మికి ఈ రోజుకీ చదవడం వచ్చింది ఆ రెండే.

చదవడం వచ్చు గానీ పైకి అనడం లేదు. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. రేషను షాపులో గుమాస్తా "భర్త పేరేంటమ్మా?" అంటే తమ్ముణ్ణి మోచేత్తో పొడిచేది. వాడు "సూరి" అనేవాడు. ఆవిడ తలూపేది. ఇంత జాగ్రత్తపడిందా, ఆ మహానుభావుడు కామెర్లొచ్చి కుర్రతనంలోనే పోయాడు. పిల్లల్లేరు. పోయాక కూడా ఆవిడ పేరు అనలేదు. "మీ బావ" అనేది, లేకపోతే "ఆ మనిషి" అనేది.

బావ పోయాక అప్పని ఒంటరిగా ఒగ్గీలేకే పెళ్ళి చేసుకోలేదని సన్యాసిరాజు అందరికీ చెప్పుకునేవాడు. అందులో నిజముంది. ముక్కు మీద కోపమున్న వాడికి, ఒళ్ళంతా టర్పెంటైన్ వాసనేసే వాడికి ఎవరూ పిల్లనివ్వలేదన్నది కూడా నిజమే.

ఇంతలో కంప్యూటర్ల కాలం వచ్చింది. సికింద్రాబాదు నుంచి అమీర్‌పేట దాకా ఏ మేడ చూసినా కోచింగు సెంటరే. సన్యాసిరాజుకి తిండి తినే తీరిక లేదు. జావా, ఒరాకిల్, సి ప్లస్ ప్లస్ అని ఎన్ని గోడల మీద రాశాడో ఆ గోడలకే తెలియాలి. "జావంటే ఏటి బాబూ, జొరమొచ్చినోలు తాగీదేనా?" అని ఓ సెంటరు ఓనరుని అడిగితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పలలక్ష్మికి కూడా ఆ పుణ్యమా అనే పని దొరికింది. రెజిమెంటల్ బజార్ దాటాక, కోర్సులకొచ్చిన ఆడపిల్లల హాస్టల్లో వంట. రోజూ లాలాగూడలోని ఇంటి నుంచి నడిచే వెళ్ళేది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు కదా. ఫ్లెక్సీ మిషను దిగింది. పొద్దున్న చెబితే సాయంత్రానికి బోర్డు, దాని మీద ఓనరు మొహం కూడానూ! బట్టల కొట్టు బోర్డు పోయింది, మందుల షాపు బోర్డు పోయింది. అన్నం పెట్టిన కంప్యూటరే కంచం లాక్కుంది. సన్యాసిరాజు రెజిమెంటల్ బజార్ వైపు వెళ్ళడమే మానేశాడు. "ఆ సందులో కాలెడితే నాకు ఒల్లు మండిపోతాది" అనేవాడు. ఇంటి ముందు కూర్చుని స్కూటర్ల నంబరు ప్లేట్లు రాసుకునేవాడు.

అంత బజార్లోనూ చేత్తో రాసిన గోడ ఒక్కటే మిగిలింది. గొడుగుల దుకాణం గోడ. "లక్ష్మీ గొడుగుల దుకాణము, కొత్తవి అమ్మబడును, పాతవి బాగుచేయబడును" అని సూరి రాసింది. పక్కన విప్పిన నల్ల గొడుగు. గొడుగు పైన ముల్లు, అలవాటు ప్రకారం, హద్దు గీత దాటి పైకి వెళ్ళిపోయింది. దుకాణం ముసలాయన ఎప్పుడో కాలం చేశాడు. షట్టరు మూసే ఉంది. ఎవరికీ పట్టకపోబట్టే ఆ గోడ బతికింది.

ఓ సాయంత్రం అప్పలలక్ష్మి పని నుంచి వచ్చి, తమ్ముడికి అన్నం పెట్టి, తను పెట్టుకోకుండా గోడకి జారబడింది.

"గొడుగుల కొట్టు పడగొట్టీస్తారట్రా. నాలుగంతస్తులు కడతారట. కింద సెల్లుఫోన్లు."

సన్యాసిరాజు ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. సూరి ఫోటో ఇంట్లో ఒక్కటి లేదు. పెళ్ళి ఫోటో వరదల్లో పోయింది. బావ ఈ భూమ్మీద వదిలి వెళ్ళినదంటూ ఉంటే ఆ గోడొక్కటే. అదీ పోతే అప్పకి ఏం మిగులుతుంది? అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయం, తను ఏడుస్తాడని ఇంకా భయం.

అదిగో, సరిగ్గా ఆ రోజుల్లోనే వెనక వీధి దేవానందం గారు వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి పని చేసి రిటైరైన మనిషి. చేతులు ఊరుకోవు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఉత్సవాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారని, బొగ్గింజన్ల కాలం నాటి రెజిమెంటల్ బజార్ని ప్లైవుడ్డుతో, అట్టముక్కలతో నమూనా కడుతున్నాడు. వెనకాల బొమ్మ రైలు తిరుగుతుంది. ఒక్కో కొట్టు టీ పొడి ప్యాకెట్టంత.

"రాజన్నా, జెర వచ్చి చూడు. షాపులు మంచిగనే అయినయ్. బోర్డులతోనే పరేషాన్ అయితున్న. కంప్యూటర్ల ప్రింట్ తీసి అంటించిన. ఏందో, ఫ్లెక్సీ లెక్క కొడుతున్నది."

"ఆ పేరెత్తకండి బాబూ!" అన్నాడు సన్యాసిరాజు. అన్నాడే గానీ వెళ్ళాడు. వెళ్ళి చూసి నోరు తెరిచాడు. పెంకులున్నాయి, చూరులున్నాయి, సైకిలు స్టాండు కూడా ఉంది. ఆ ముద్దొచ్చే గోడల మీద కాగితం ముక్కలు, దెబ్బ మీద ప్లాస్టరు వేసినట్టు.

"రాస్తాను గానీ ఒక్క మాట. గొడుగుల కొట్టు ఉండాల."

"అది లేకుండ రెజిమెంటల్ బజార్ ఏడిదన్నా?" అన్నాడు దేవానందం.

ఆ మాటతో సన్యాసిరాజు మనసులో ఓ ఆశ పుట్టింది. అసలు గోడ ఎలాగూ కూలిపోతుంది. ఈ చిన్న గోడ మీద బావ రాతని అచ్చంగా దింపగలిగితే, అప్పని తీసుకొచ్చి చూపించొచ్చు. "ఇదిగో అప్పా, పోలేదు" అని చెప్పొచ్చు. ఇంతకు ముందు ఏ పని కోసమూ అతనింత ఆరాటపడలేదు.

ముందు చెయ్యి అలవాటవడానికి బట్టల కొట్టు రాశాడు. బ్రష్షులో వెంట్రుకలన్నీ పీకి రెండో మూడో ఉంచి, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత అక్షరాలు. ఎర్ర ఎనామిల్, పసుప్పచ్చ నీడ, నిగనిగలాడిపోయింది. దేవానందం కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"మస్తుగున్నదన్నా. గంతే, నిన్న రాసినట్టు కొడుతున్నది."

"నిన్నే కదా రాసినాను!"

"నువ్వు నిన్ననే రాసినవ్. గోడ మాత్రం ముసల్దాయె. ఎండకు ఎండాలె, వానకు తడవాలె. ఇగో, గీ ఉప్పుకాయితం పట్టుకో. అక్షరాల మీద జెర రుద్దు, పాతగైతది."

రుద్దడమా! సన్యాసిరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. రంగు వెలిసిపోకుండా రాయడానికి జన్మంతా తంటాలుపడ్డ వాణ్ణి పట్టుకుని, వెలిసిపోయేట్టు రాయమనడమే ఓ అన్యాయం. పైగా రాసిన చేత్తో గీకమంటాడా? ఉప్పుకాయితం బల్ల మీద పడేసి, చెప్పులేసుకుని వచ్చేశాడు. ఇంటి దగ్గర కూర్చుని, నంబరు ప్లేట్ల మీద విరుచుకుపడ్డాడు. ఆ వారం రాయించుకున్న స్కూటర్ల వాళ్ళ నంబర్లన్నీ కోపంగా ఉన్నాయి.

అప్పకి ఈ గొడవేం తెలీదు. తెలియనివ్వలేదు కదా. ఓ ఆదివారం పప్పు కలుపుతూ తనలో తనే హాస్టలు పిల్లల మీద విసుక్కుంటోంది. "పదిమందికి వొండితే ఇరవైమంది వొస్తారు. ఏటి సేస్తాం, నీల్లు పోసీడమే. పలచన సేస్తే పప్పు ఎక్కడికీ పోదు కదా, అడుగున ఉంటాది."

సన్యాసిరాజు లేచి నిలబడ్డాడు.

"ఏట్రా, అన్నం ఒగ్గీసి ఎక్కడికి?"

అప్పటికే వీధిలో ఉన్నాడు. బావ ఏమన్నాడు? గీకకు, కప్పు. సరే, కప్పుదాం! గోడ రంగునే తీసుకున్నాడు. మెరుపు చావడానికి సుద్దపొడి కలిపాడు. పప్పులో పోసినట్టు నీళ్ళు పోశాడు. ఆ పలచటి నీళ్ళని అక్షరాల మీద ఒక పొర, ఆరాక ఇంకో పొర పూశాడు. ఎర్ర రంగు దుమ్ము కింద పడుకున్నట్టు మెల్లగా లోపలికి దిగింది. చెరిగిందేమీ లేదు. అక్షరం అడుగున భద్రంగా ఉంది. గోడకి మేకు ఉన్న చోట టీ డికాక్షన్ చుక్క జారవిడిస్తే తుప్పు కారినట్టు చార పడింది.

దేవానందం చూసి ఈల వేశాడు. "యేసయ్యా! గిదీ గోడంటే!"

ఆ తరవాత ఇద్దరూ కలిసి గొడుగుల దుకాణం చూడటానికి వెళ్ళారు. ఎన్నాళ్ళకో ఆ సందులో కాలు పెట్టాడు సన్యాసిరాజు. ఫ్లెక్సీల వంక చూడకుండా తల దించుకుని నడిచి, గోడ ముందు తలెత్తాడు. వెలిసిపోయినా బావ అక్షరాలు అలాగే ముందుకు వంగి నడుస్తున్నాయి. గొడుగు ముల్లు ఇంకా గీత దాటే ఉంది. కళ్ళు తుడుచుకుని కింద మూలకి చూశాడు. అక్కడ సూరి పేరు లేదు. రంగే కాదు, సున్నం కూడా పోయి, అరచేతి మేర గోడ నున్నగా మెరుస్తోంది.

"ఇదేటిది? ఎండకి పైన కదా ముందు పోవాల?"

"ఆవులు రుద్దుకున్నయేమోనన్నా. ఈడ తిరుగుతనే ఉంటయ్" అంటూ దేవానందం ఫోటోలు తీశాడు.

ఆవుల మీద సన్యాసిరాజుకి ఎక్కడలేని కోపమొచ్చింది. ఊళ్ళో ఇన్ని గోడలుండగా బావ పేరే దొరికిందా వీటికి!

చిన్న గోడ మీద అంతా ఉన్నదున్నట్టు దింపాడు. వంపు పోకుండా అక్షరాలు రాశాడు, ముల్లు గీత దాటించాడు, పలచటి నీళ్ళు పూశాడు. మూల దగ్గరికొచ్చేసరికి దేవానందం ఫోటో చూపించి, "గీడ ఖాళీ ఉంచాలె రాజన్నా. ఉన్నది ఉన్నట్టు" అన్నాడు.

"ఆవులు సేసిన పని నాను సెయ్యను బాబూ. అక్కడ మా బావ పేరుండాల."

"నీ బావ, నీ ఇష్టం."

రాశాడు. నువ్వుగింజంత రెండు అక్షరాలు, అచ్చం సూరి రాసినట్టే. దాని మీద మాత్రం పలచటి నీళ్ళు పూయలేదు. ఆ పేరు స్పష్టంగా ఉండాలని అతని కోరిక. బ్రష్షు కళ్ళకద్దుకున్నాడు.

ఆ వారంలోనే పొక్లెయిన్ వచ్చింది. ఆ రోజు అప్పలలక్ష్మి ఇంటికొచ్చి, "గోడ పోనాదిరా" అని మాత్రం అంది. కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని అటు తిరిగి పడుకుంది. మర్నాడు పనికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఇల్లూ వంటా పట్టని అప్పని సన్యాసిరాజు ఎన్నడూ చూడలేదు. బావ పోయినప్పుడు కూడా మూడో నాటికే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి.

"లే అప్పా. నీకొకటి సూపించాల" అని చెయ్యి పట్టుకుని దేవానందం ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆవిడ బల్ల మీద బజారుని చూసింది. చూస్తూ చూస్తూ గొడుగుల దుకాణం దగ్గర ఆగింది. ఒక్కసారిగా నవ్వేసింది. "ఓలమ్మా! అదిగో, గొడుగు ముల్లు గీత దాటీసింది!" ఆ నవ్వుకి సన్యాసిరాజు ప్రాణం లేచొచ్చింది. గెలిచాననుకున్నాడు.

ఆవిడ ఇంకా వంగింది. నవ్వు ఆగిపోయింది.

"మూలన ఇదేటిది?"

"బావ పేరు అప్పా. ఆవులు రుద్దీసి పోగొట్టినాయి. నాను మల్లీ రాసినాను."

"ఆవులా?"

"మరేటి?"

"ఆవులు కావురా. నాను."

సన్యాసిరాజుకి అర్థం కాలేదు. ఆవిడ బొమ్మ గోడ వంకే చూస్తూ చెప్పింది.

"పనికెల్లీటప్పుడు ఓ పాలి, వొచ్చీటప్పుడు ఓ పాలి. ఆ మనిషి పేరు నోటితో అనకూడదు కదరా. సేత్తో ముట్టుకుంటే తప్పేటనుకున్నాను. ముట్టుకొని కల్లకద్దుకునీదాన్ని. ముందు రంగు పోనాది. తరవాత సున్నం పోనాది. పోతే పోనీ, అదెక్కడుండీదో నా సేతికి తెలుసు. నువ్వు బాగానే రాసినావు తమ్ముడూ. ఇది మీ బావ గోడే. నా గోడ కాదు."

దేవానందం కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే కుండలో వండుకు తిన్న అప్ప రోజూ ఆ సందులో ఆగుతోందని సన్యాసిరాజుకి తెలియదు. తన పంతం కొద్దీ ఆ సందు మొహం చూడకపోయె. అవమానమూ ఏడుపూ రెండూ కలిసొచ్చాయి.

దేవానందం వచ్చి, గొడుగుల దుకాణం గోడని బల్ల మీంచి మెల్లగా ఊడదీశాడు. సన్యాసిరాజు దాన్ని అందుకున్నాడు. ఉప్పుకాయితం పక్కనే ఉంది. దాని వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. గోడని అప్ప చేతిలో పెట్టాడు.

"నాను రాసినోణ్ని. చెరపకూడదు. నువ్వు ముట్టుకో అప్పా."

అప్పలలక్ష్మి చూపుడువేలు ఆ మూల మీద ఆనించింది. సుద్దపొడి పూత మీద రాసిన పేరు, ఎంతసేపు నిలుస్తుంది? రెండుసార్లు వేలు కదిలేసరికి పేరు మసకబారింది. ఇంకోసారికి పోయింది. కింద అట్ట నున్నగా తేలింది. ఆవిడ ఆ వేలిని కళ్ళకద్దుకుంది. అప్పుడు ఏడ్చింది, గోడ కూలిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా.

"తీస్కపో అక్కా, అది నీదే" అన్నాడు దేవానందం. "ఎగ్జిబిషన్‌కు రాజన్న ఇంకోటి రాస్తడు."

రాశాడు. దాని మీద కూడా మూలన పేరు రాసి, ఇంటికి తెచ్చి, అప్ప ముందు పెట్టాడు. ఆవిడ ముట్టుకున్నాకే అది అద్దాల పెట్టెలోకి వెళ్ళింది. ఎగ్జిబిషన్లో జనం ఎగబడి చూశారు. ఎవరో ఆఫీసరు గారి భార్య, "అయ్యో, ఈ మూల పెయింట్ పోయిందే, చూసుకోలేదా?" అంది. దేవానందం జవాబు చెప్పబోతే సన్యాసిరాజు చొక్కా పట్టి లాగాడు.

మొదటి గోడ ఇంట్లో గూట్లో, దేవుళ్ళ పక్కన ఉంది. అప్పలలక్ష్మి మళ్ళీ పనికి వెళుతోంది. గుమ్మం దిగే ముందు అటు చెయ్యి చాపుతుంది. ఆ వేళకి సన్యాసిరాజుకి ఏదో ఒక డబ్బా మూత బిగించాల్సిన పని పడుతుంది. పెద్ద గోడ కాదు కదా, చిన్నది. ఆవిడ వేలికి మూల ఒక్కటే దొరకదు, పక్కనున్న గొడుగు పిడి కూడా తగులుతోంది. ఆ నల్ల రంగు కూడా కొంచెం కొంచెంగా అరుగుతోంది.

"పిడికి మల్లీ రంగెయ్యనా అప్పా?" అని ఒకసారి అడిగాడు.

"నీ సెయ్యి అటెట్టకు" అని, చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయింది.